చరాస్తుల జాబితా

కోర్టువారు నాకిచ్చిన పని చిన్నది.
కందుకూరులో, పామూరు రోడ్డు మీద
శ్రీవాణీ విద్యాలయానికి వెళ్ళి
ఉన్నవన్నీ లెక్కపెట్టి రాసుకురావడం.
కమిషనరు ఫీజు మూడువేలు. సగం వాది, సగం ప్రతివాది.

గేటు దగ్గరే ఇద్దరూ ఎదురొచ్చారు,
పిచ్చయ్య మాస్టారు గొడుగుతో, చెంచయ్య కారుతో.
ఒకాయన లెక్కలు తెచ్చాడు, ఒకాయన పొగాకు డబ్బు తెచ్చాడు,
ఇరవై రెండేళ్ళ కిందట
వంద రూపాయల స్టాంపు కాగితం మీద చెరిసగమన్నారు.
రిజిస్టరు చేయించలేదు.
మాలకొండ మీద, స్వామి ఎదుట సంతకాలు పెట్టారట.
ఆ సాక్షి శనివారం తప్ప తలుపు తీయడు,
సమను ఎవరు పట్టుకెళ్తారు?

ఇప్పుడు రెండు రబ్బరు స్టాంపులు,
రెండు రసీదు పుస్తకాలు.
ఒకరికి ఫీజు కడితే ఇంకొకరికి బాకీ.
పదో తరగతి పాసైన పిల్లాడి టీసీ మీద
ఇద్దరూ సంతకాలు పెట్టి ఒకరిదొకరు కొట్టేశారు.
వాడు దాన్ని జాతకంలా మడిచి జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు.

రాయడం మొదలెట్టాను.
ఫ్యాన్లు పదకొండు, తిరిగేవి ఏడు.
గ్లోబు ఒకటి, ఇరుసు ఊడింది.
గంట: రైలు పట్టా ముక్క,
సింగరాయకొండ నుంచి మోసుకొచ్చింది
నేనంటే నేనని ఇద్దరూ భుజాలు చూపించారు.
వకీళ్ళు నాకిరువైపులా నడుస్తున్నారు,
నా పెన్ను ఎటు వంగితే అవతలివాళ్ళు దగ్గుతున్నారు.

ఒకటో తరగతి ఒకప్పుడు పొగాకు గోడౌను.
వాన పడితే గోడలు ఇంకా ఘాటుగా చెమరుస్తాయి.
పిల్లలు లేచి గుడ్మాణింగ్ మేడమ్ అని సాగదీశారు.
బెంచీలు లెక్కపెడుతుంటే కాళ్ళు పైకెత్తి పట్టుకున్నారు,
గది ఊడ్చేటప్పుడు ఎత్తినట్టు.
పదమూడో పద్నాలుగో, అక్కడ లెక్క తప్పాను.

"ఆ మూలది రాయబాకండి మేడమ్,"
రెండు జడల పిల్ల అంది,
"దానికి ఒక కాలు లేదు. ఇటికరాయి పెట్టుండారు."

బెంచీ ఎవరిదని అడిగాను.
నాదన్నారు ఇద్దరూ.
ఇటికరాయి?
పిచ్చయ్య మాస్టారు నేల చూశారు.
చెంచయ్య ఫోను చూశాడు.
"అది ఎవరో పెట్టుంటారు లెండి."
రాసుకున్నాను: ఇటికరాయి ఒకటి. హక్కుదారులు లేరు.

గుడ్‌విల్‌కి కూడా విలువ కట్టమని ఉత్తర్వులో ఉంది.
ఆ గడి ఖాళీగా వదిలేశాను.

రిపోర్టు దాఖలు చేసిన నెలకి అభ్యంతరాలు వచ్చాయి.
రెండు మెమోలు, వేరువేరు టైపు మిషన్లు,
నాలుగో పేరా మాత్రం కవలపిల్ల:
సదరు ఇటుక మా కక్షిదారు సొంత ఖర్చుతో పెట్టించినది,
కమిషనరు పక్షపాతంతో ఆ సంగతి విస్మరించారు.

వాయిదా జూలై పంతొమ్మిదికి పడింది.
అప్పటిదాకా యథాతథ స్థితి,
ఇటుకను ఉభయపక్షాలూ కదపరాదు.

రోజూ ఆ మూల ఊడ్చి, ఇటుక జరిపి, మళ్ళీ సర్ది పెట్టే
బుజ్జమ్మకి నోటీసు అందిందో లేదో.