ఇతరములు

కాశీబుగ్గలో మా జీడి ఫ్యాక్టరీకి
కంప్యూటరొచ్చిన రోజు
షావుకారు దాని ముందు కొబ్బరికాయ కొట్టాడు.
నీళ్ళు కీబోర్డు మీద పడ్డాయి.
మొదటి జాప్యం అదే. ఎవరూ రాయలేదు.

శ్రీకాకుళం నించొచ్చిన హేమసుందర్
గోడంత తెల్లకాగితం అంటించి
మా రోజునంతా గీశాడు.
ఉడుకు ఒక డబ్బా, ఆరబోత ఒక డబ్బా,
కోత, బోర్మా, పొట్టు, ఏరివేత,
డబ్బాకీ డబ్బాకీ మధ్య బాణం.
పంతొమ్మిదేళ్ళుగా ఇక్కడ చిట్టా రాస్తున్నాను,
నేను పనిచేసే చోటు ఇంత శుభ్రంగా ఉంటుందని
నాకెప్పుడూ తెలీదు.
పొగ లేదు. సొన లేదు.
బాణాలకి చెమట పట్టదు.

వారం తిరక్కుండా తెర మీద
ఎర్రచుక్క లేచింది.
ఆరబోతకీ కోతకీ మధ్య
రోజూ పద్నాలుగు నిమిషాలు
ఎక్కడికో పోతున్నాయి.
కారణం చెప్పమని
కిందికి జారే జాబితా చూపించింది:
కరెంటు, యంత్రం, సరుకు, వాన,
అట్టడుగున ఇతరములు.

ఇతరములు నొక్కాను.
మర్నాడూ అదే నొక్కాను.
నెలాఖరుకి షావుకారు గదిలో
రంగుల చక్రంలో సగం ముక్క నాదే.
"ఏటమ్మా ఇది? ఇతరములంటే ఎవులు,
మనూరోడేనా?"

ట్యాబు పట్టుకుని కోతషెడ్డుకి వెళ్ళాను.
దాలమ్మ మోకాలి మీద ఆముదం గిన్నె.
చిటికెనవేలు దగ్గర మొదలెట్టి
ఒక్కో కణుపూ, ఒక్కో గోరుసందూ
పసిపిల్లకి తలంటినట్టు
నెమ్మదిగా రాసుకుంటోంది.
ఆ మీద బూడిద.
ముప్పైయిద్దరు ఆడాళ్ళకి ఒకటే గిన్నె.
చేతులు మారి మారి
చివర పీట మీది ఎర్రమ్మ దాకా రావడానికి
పద్నాలుగు నిమిషాలు.
తను రాసుకునేది నూనె, నేను రాసుకునేది నిమిషం.
ఇద్దరి పనీ రాయడమే.

"రాసుకోకపోతే ఏటవుద్ది?" అన్నాను.
వేళ్ళు నా మొహం ముందు పెట్టింది.
నల్లటి వేళ్ళు. గీత లేదు, సుడి లేదు,
సొన తినేసింది.
"మీ హాజరు మిసన్నే అడుగు,
ఒక్కనాడైనా నన్ను పోల్చుకుందేటి?"
నిజమే. రోజూ పొద్దున్న
ఆమె వేలికి బదులు ఆమె నంబరు
నేనే కొడతాను.

ఆ సాయంత్రం హేమసుందర్‌కి ఫోన్ చేశాను.
ఇంకో డబ్బా కావాలన్నాను.
"ఏం పేరు పెట్టమంటారు?"
"నూనె రాయడం."
"ఓ, మెషిన్ ఆయిలింగా మేడమ్?"
కాసేపాగి
ఔనన్నాను.

యంత్రాల ఖాతాలో
ఆముదం నాలుగు కేజీలు, గిన్నెలు ఎనిమిది
మంజూరయ్యాయి.
పద్నాలుగు కాస్తా నాలుగైంది.
ఎర్రచుక్క పచ్చబడింది.
మంట లేని వేళ్ళలో పిక్క కుదురుగా నిలబడి
గుండు పెరిగింది, బద్ద తగ్గింది.
షావుకారు చక్రం చూసి మురిసిపోయి
"ఇంతకీ ఈ ఆయిలు ఏ మిసన్లకమ్మా?
నంబర్లు చెప్పు, ఆడిటరుకి రాయాల" అన్నాడు.
హాజరు పట్టీ తీసి
ముప్పైరెండూ చదివాను.
రాసుకున్నాడు.

నిన్న మళ్ళీ ఆరు నిమిషాలు పోయాయి.
ఎర్రమ్మ ఏదో అంది.
షెడ్డు షెడ్డంతా విరగబడి నవ్వింది,
కత్తులాగిపోయాయి.
ఏమందే అంటే
నాక్కూడా చెప్పలేదు.

తెర మీద కారణం అడుగుతోంది.
జాబితా కిందికి లాగాను,
కరెంటు దాటి, వాన దాటి,
కొత్తగా చేరిన నూనె కూడా దాటి
అట్టడుగుకి.