తొలి ధార

గ్లాస్గోలో, మూడో అంతస్తులో,
ఫిబ్రవరి, ఇంకా తెల్లారని ఐదున్నర.
కుళాయి తిప్పింది ఇష్బెల్,
తాగడానికి కాదు.

రాత్రంతా గొట్టంలో పడుకున్న నీళ్ళివి.
కొండ చెరువు నుంచి మెత్తగా వచ్చినవి.
మెత్తనివి గనకే
పక్కనున్న సీసాన్ని ఇట్టే కలుపుకుంటాయట.
రంగు మారదు, వాసన రాదు.
మరిగిస్తే పోతుందా అంటే
నీళ్ళే ఆవిరవుతాయి,
అది మిగిలి చిక్కబడుతుంది.

మొదటి బకెట్టు మెట్లు కడగడానికి.
రెండో దాని కింద చెయ్యి పెట్టి నిలబడుతుంది,
ఇంటి వెచ్చదనం పోయి వేళ్ళు కొంకర్లు పోయేదాకా.
వీధి కింది పెద్ద గొట్టం నీళ్ళు వచ్చాయని అదే గుర్తు.
అప్పుడు కెటిల్. అప్పుడు ఊనా పాలసీసా.
వేడి కుళాయి వైపు చూడనైనా చూడదు.

నీటి ఆఫీసులో గుమాస్తా
కాసేపు నీళ్ళు నమిలాడు.
"వీధిలోది మాది. గోడ లోపలిది మీది."
గోడంటే ఏమిటో తెలియని నీళ్ళ గురించి ఆ మాట.

శనివారం కింది ఇంటి డూగల్ రెన్నీ వచ్చాడు,
అరవై దాటిన ప్లంబరు, మోకాళ్ళు పోయినవాడు.
సింకు కింద దూరి నాణెంతో గీకాడు.
బూడిదరంగు కింద తళుక్కున వెండి.
"అదే," అన్నాడు.
తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు.

మలుపు దగ్గర ఒక అతుకు ఉంది,
నిండు చూలాలి పొట్టలా నున్నగా.
కరిగిన లోహాన్ని గుడ్డతో నిమిరి నిమిరి
అలా తేల్చాలంటే చెయ్యి తిరగాలి.
"ఇది నాదే. పంతొమ్మిదేళ్ళప్పుడు.
మేస్త్రీ అందరినీ పిలిచి చూపించాడు."

నీకేం తెలుసు అప్పటికి, అనబోయి
ఇష్బెల్ ఊనాని భుజం మార్చుకుంది.

రంపం ఎంతోసేపు పట్టలేదు. మెత్తటి లోహం.
సాయంత్రానికి రాగి గొట్టం, సీసం లేని టంకం.
కూలి వద్దన్నాడు.
ఆ అతుకు మాత్రం పాత పేపర్లో చుట్టుకుని
మెట్లు దిగాడు, ఒక్కో మెట్టు మీదా ఆగుతూ.
చూడ్డానికి అంత బరువనిపించదు.

ఊనా రక్తపరీక్ష కాగితం గురువారం వస్తుంది.
వీధి సగం ఇంకా సీసమే.
ఆదివారం ఐదున్నర.
ధార కింద చెయ్యి.