ఎర్రది ఎర్రదానికి

తాళం తిప్పితే
పొలమారినట్టు ఒక్క దగ్గు,
ఆ తర్వాత టిక్ టిక్ టిక్.
రెండోసారి అదీ లేదు.

తప్పు నాదే.
రాత్రి రెండింటికి కరెంటు పోయి
ఏరియేటర్లు నిలబడిపోతే,
జనరేటరు ఎంత లాగినా పలక్కపోతే,
కారు లైట్లు గుంట మీదికి వేసి
తెల్లారిందాకా చూస్తా కూచున్నా,
ఊపిరాడక నీళ్ళ పైకి తేలిన రొయ్యల్ని.
వాటి కళ్ళు ఎర్రగా, బీడీ నిప్పుల మాదిరి.
బ్యాటరీ అంతా ఆ కళ్ళలోకే పోయింది.

ఇప్పుడు వెనక సీట్లో
గాలి పట్టిచ్చిన సంచి, అందులో ఆరు రొయ్యలు.
పదింటిలోపల నెల్లూరు ల్యాబుకు చేరాల.
తోసేదానికి మనిషి లేడు.
ఉన్నా, ఇస్కపల్లి కట్ట మీద
ఈ ఇసకలో చక్రం దొర్లదు.

కట్ట మలుపులో మస్తానయ్య ట్రాక్టరు ఉండాది.
మస్తానయ్యకీ నాకూ మాటల్లేవు.
పోయినేడు తెల్లమచ్చ నీళ్ళు
కాలవలోకి వదిలింది నువ్వంటే నువ్వని
పెద్దమనుషుల దాకా పోయినాం.
అప్పట్నించీ ఎదురుపడితే
ఇద్దరం ఆకాశం చూసుకుంటుండాం.

ఆ టిక్ టిక్ విన్నట్టుండాడు.
ట్రాక్టరు తెచ్చి
కారు ముక్కుకు జానెడు దూరంలో నిలిపినాడు.
సీటు కింద నించి వైర్లు తీసినాడు.
పాత ఏరియేటరు కేబులే,
చివర్లకి మొసలి నోళ్ళు.

"ఎర్రది ఎర్రదానికి," అన్నాడు, బానెట్టుతో.
పెట్టినా.
"నల్లది ఇనుముకి. బ్యాటరీకి కాదు."
నట్టు మీద తుప్పు గీకి పెట్టినా.
చిటుక్కున ఒక మెరుపు.
ఇద్దరం ఒకేసారి చేతులు లాక్కున్నాం.

"ఉండు. కొంచేపు తాగనీ."

ఆ కొంచేపూ
మా మధ్య రెండు వైర్లు, ట్రాక్టరు గుడగుడ.
నీ గుంటలో ఎట్టుండాయని అడగాలనుకున్నా.
ఆయనా ఏందో అడగబోయి
సంచి వైపు చూసి
తలగుడ్డ విప్పి మళ్ళీ కట్టుకున్నాడు.

"ఇప్పుడు తిప్పు."
పట్టుకుంది.
"నెల్లూరు పోయిందాకా ఆపబాక."

అల్లూరులో టీ కొట్టు ముందు
ఇంజను నడస్తా ఉండగానే దిగినా.
"ఆపన్నా, పెట్రోలు ఊరికే వస్తుందా?" అన్నాడు కొట్టాయన.
గ్లాసు పట్టుకుని సంచి చూద్దామని తలుపు తీస్తే
రొయ్యల పక్కన, చుట్టగా చుట్టి,
మస్తానయ్య వైర్లు.

మర్చిపోయినాడో.
సాయంత్రం ఇవి ఇచ్చేదానికి వస్తే
రిపోర్టులో ఏముందో
అడక్కుండానే తెలస్తుందని
పెట్టినాడో.