నూట పన్నెండు అడుగులు

పర్లాకిమిడిలో నేను క్లారినెట్టు ఊదుతాను.
మూఢం వెళ్ళిన దగ్గర్నుంచి నా పెదవులు నావి కావు,
పెళ్ళివాళ్ళవి.

కొమ్ముపనివాళ్ళ వీధిలో
దండాసి ఇంటి ముందు ఆ పాప మొదటిసారి అరిచినప్పుడు
కృపాసింధు కార్నెట్టుకి అందని స్థాయిలో అరిచింది.
మేమే శ్రుతి తప్పామేమో అనుకున్నాను, ఒట్టు.
చెవులు మూసుకుని గడపకేసి తల కొట్టుకుంటోంది.
పిల్ల తలకీ గడపకీ మధ్య
సుకాంతి తన అరచెయ్యి పెట్టింది.
మిగిలిన చేత్తో మాకు సగం దణ్ణం.
క్షమించండి, అంది తెలుగులో.
ఖ్యమా కొరొంతు, అంది మా కృపాసింధు వైపు తిరిగి.

ఆ ఏడాది వీధిలో చాలా వైద్యాలు నడిచాయి:
తాయెత్తు, వేపమండలు, పెంపకం అనే మాట.
బరంపురం డాక్టరు ఆటిజం అని రాసిచ్చిన కాగితం
దండాసి బియ్యం డబ్బాలో దాచాడు.
జబ్బు కాదన్నారట, పిల్ల తీరే అంత అన్నారట.
తీరుకి మందుండదు కదా, అని
మా వాళ్ళు తలలూపి, మళ్ళీ తాయెత్తే చెప్పారు.

మార్చింది టీకొట్టు పైడమ్మ.
మంచితనంతో కాదు, చిరాకుతో.
"బాండు ఆగితే పెళ్ళి ఆగిపోద్దేటి?
ఆ గుంట చెవుల్తో కాదు, ఒళ్ళంతటితో వింటాది.
దర్జీ కొట్టు కాడ ఆపండి,
కరెంటు స్తంభం కాడ ఎత్తుకోండి.
మద్దిన నోరు మూసుకుని నడండి."

నడిచి చూశాను. నూట పన్నెండు అడుగులు.

పెళ్ళివాళ్ళు ఊరుకుంటారా?
కాశీనగర్ నుంచి వచ్చిన ఓ మేనమామ
ఊదని అడుగులకి డబ్బెందుకన్నాడు.
యాభై తగ్గించాను.
మరుసటి ఏడు తగ్గించలేదు.

జనరేటరు తోసే బిసోయీ
ఎవరూ చెప్పకుండానే దాన్నీ ఆపేశాడు.
లైట్లు మోసే ఆడవాళ్ళు చీకటిని మోస్తూ నడిచారు.
అప్పుడు వినపడ్డాయి, ముప్పై ఏళ్ళ బాజాలో మొదటిసారి:
పెళ్ళికొడుకు కొత్త చెప్పుల కిర్రు,
గుర్రం తుమ్ము,
సన్యాసమ్మ మోకాలు చేసే టక్కుమనే చప్పుడు.
ఇన్నాళ్ళూ ఆ మోకాలితోనా నడిచింది నా వెనక!

మూడో ఇంటివాళ్ళు ఇప్పటికీ
ఆ పాపని చూస్తే తలుపేసుకుంటారు.
బడివాళ్ళు రెండుసార్లు తిప్పి పంపారు.
అన్నీ ఒక వీధితో అయ్యేవి కావు.

దండాసి కొమ్ముతో కొంగలు చేస్తాడు.
నాది ఊదే కొమ్ము, అతనిది ఊదని కొమ్ము.
గేదె కొమ్ముని అరగదీసి అరగదీసి
అందులో తన ముఖం కనిపించేదాకా మాట్లాడడు.
ఇప్సిత ఆ కొంగని చెంపకి ఆనించుకుంటుంది.
చల్లదనం అయిపోయాక, రెండో చెంప.

మొన్న ఫాల్గుణంలో
దర్జీ కొట్టు దగ్గర ఆపి నడుస్తున్నాం.
ఇప్సిత వసారాలో నిలబడి ఉంది.
చేతులు చెవుల మీద లేవు, కొంగ మీద ఉన్నాయి.
మమ్మల్ని చూడలేదు.
ఈశ్వర్రావు భుజాన వేలాడే పెద్ద బాకా నోట్లో
వాళ్ళ వసారా బల్బు తలకిందులుగా వెలుగుతుంటే
దాన్ని చూసింది, చూస్తూనే ఉంది.
ఈశ్వర్రావు ఇంకో రెండు అడుగులు చిన్నవి వేశాడు.

సుకాంతి గడప మీదికొచ్చింది.
నోరు తెరిచింది.
ఏమంటుందో నాకు తెలుసు,
తొమ్మిదేళ్ళుగా వింటున్నాను,
వద్దమ్మా అనడానికి సిద్ధంగా ఉన్నాను.

"ఎవరిదన్నా పెళ్ళి?" అంది.

చెప్పాను, గొంతు తగ్గించి:
ఉల్లిపాయల హడు మనవరాలిది.
కుర్రాడు రాయగడలో లైన్‌మన్.
"భోజనాలేటి?" అంది.
అదీ చెప్పాను, దాల్మాతో సహా.

నేను పరుగెత్తి వరస అందుకునేసరికి
స్తంభం దాటి పదడుగులైంది.
సింహాద్రి డోలు మీదికి ఎత్తిన కర్ర
అలాగే పట్టుకుని
నాకోసం ఆగి ఉన్నాడు.