నాలుగు మిల్లీమీటర్లు

నిద్ర సుఖమెరగదంటారు.
మా ఇంట్లో నిద్రకి ఊపిరే గుర్తుండేది కాదు.

పడుకున్న రెండు నిమిషాలకే మొదలయ్యేది రత్నం గురక.
ముందు రంపం, ఆపైన ఈల,
ఆపైన గిన్నెలో నీళ్ళు మరిగినట్టు గళగళ.
అదంతా నాకు జోలపాటే, నిజం.
నేను భయపడింది అది ఆగినప్పుడు.
ఒకటి, రెండు, మూడు...
మిషను దగ్గర కుట్లు లెక్కపెట్టే అలవాటు,
చీకట్లోనూ లెక్కపెట్టేదాన్ని.
పద్దెనిమిది. పంతొమ్మిది.
ఇరవై ఆరు దగ్గర ఒకసారి మోచేత్తో పొడిచాను.
మునిగినవాడు తేలినట్టు ఒక్క ఉదుటున గాలి మింగి
"నేనేం గురక పెట్టలేదే" అన్నాడు,
అటు తిరిగి మళ్ళీ మునిగాడు.

బెండిగోలో జూలై చలి.
కారద్దాల మీద మంచు గీక్కుని
తెల్లారకముందే వెళ్ళి పాల ట్యాంకరెక్కేవాడు.
ఎచూకా రోడ్డులో ఎర్రదీపం దగ్గర కునుకు పట్టిందని,
వెనకబండి హారను కొడితే లేచానని
నాకు చెప్పలేదు.
పళ్ళ డాక్టరుకి చెప్పాడు.

వెళ్ళింది విరిగిన దవడపన్ను కోసం.
హెలెన్ ట్రెవాస్కిస్, అరవై దాటిన మనిషి,
మెళ్ళో దారానికి కళ్ళజోడు.
విరిగిన పన్ను చూసి ఊరుకోలేదు.
నాలుక అంచున పళ్ళ అచ్చులు చూసింది,
అరిగి బల్లపరుపైన మిగతా పళ్ళు చూసింది,
గొంతు వెనక ఇరుకు చూసింది.
అప్పుడు అతన్ని వదిలేసి నా వైపు తిరిగి
"రాత్రుళ్ళు ఈయన పక్కన మేలుకునేది ఎవరు?" అంది.

పదకొండేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.
ఇరవై ఆరు, అన్నాను,
ఇంకేం చెప్పాలో తోచక.
ఆవిడకి అర్థమైంది.

రోగానికి పేరు పెట్టాల్సింది నిద్ర డాక్టరు,
ఆ తర్వాతే నా పని, అని చీటీ రాసిచ్చింది.
వేలికి క్లిప్పు, ఛాతీకి పట్టీ, ముక్కు కింద గొట్టం,
మా మంచం మీదే ఒక రాత్రి పరీక్ష.
గంటకి పంతొమ్మిది సార్లు ఆగుతోందట.
నా లెక్కకి కాగితం మీద ముద్ర పడింది.
ట్యాంకరు తాళాలు కంపెనీ తీసేసుకుంది.
మాస్కు ఇచ్చారు. ఆరు వారాలు పోరాడాడు పాపం,
తెల్లారేసరికి అది మంచం కింద గాలి ఊదుతూ ఉండేది,
పిల్లి దాని ముందు కూర్చుని ఉండేది.
మళ్ళీ హెలెన్ దగ్గరికే, ఈసారి డాక్టరు చీటీతో.

నేను బట్టలు సరిచేసే మనిషిని,
మిచెల్ స్ట్రీట్‌లో అరగది కొట్టు.
చంకలో బిగుతైతే చొక్కా అంతా విప్పక్కర్లేదు,
పక్క కుట్టు కాస్త వదిలితే చెయ్యి లేస్తుంది.
ఆవిడ చేసిందీ అదే.
పై పళ్ళకొక తొడుగు, కింది పళ్ళకొకటి,
కింది దవడని ముందుకు పట్టి ఉంచితే
నాలుక వెనక్కి జారదు, గాలి దారి మూసుకోదు.
పక్కన బుల్లి మర, దానికి సూదంత తాళంచెవి.
వారానికింత తిప్పమంది.
నేనే తిప్పాను.

మొదటి వారం దిండంతా చొంగ.
పొద్దున్నే దవడ పట్టేసి
ఉప్మా నమలలేక జావ తాగాడు.
"గుర్రానికి కళ్ళెమేశావు కదే" అనబోతే
తొడుగుల్లోంచి "గుల్లానికి" అని వచ్చింది.
నవ్వి నవ్వి కడుపు నొచ్చింది నాకు,
అతను మాత్రం రోజంతా అలిగాడు.

నాలుగు మిల్లీమీటర్ల దగ్గర, ఒక రాత్రి,
గురక లేదు.
ఉలిక్కిపడి లేచి కూర్చున్నాను.
ఒకటి, రెండు...
నిశ్శబ్దానికి ఇన్నాళ్ళూ నాకు ఒకటే అర్థం.
ముక్కు దగ్గర చెయ్యి పెట్టాను.
వెచ్చగా తగిలింది. పోయింది.
మళ్ళీ తగిలింది.

మళ్ళీ పరీక్ష చేశారు, గంటకి నాలుగు.
తాళాలు తిరిగొచ్చాయి.
ట్యాంకరులో పాటలు పాడుతున్నాడట, అదొక కొత్త గొడవ.
నాకే నిద్ర పట్టడం లేదు.
తొడుగులు చూపించడానికి వెళ్ళినప్పుడు ఆవిడకి చెప్పాను.
దానికి నా దగ్గర తొడుగు లేదమ్మా, అన్నట్టు నవ్వి,
కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ
వాళ్ళాయన గురించి ఏదో చెప్పబోయి మానేసింది.

ఇప్పటికీ మూడింటికి మెలకువ వస్తుంది.
మాగ్‌పై పిట్ట కూయడానికి ఇంకా చాలా టైముంటుంది.
మెల్లగా చెయ్యి చాస్తాను.
అరచేతిలో ఒక ఊపిరి పడుతుంది,
ఇంకోటి.
లెక్కపెట్టను.
పెట్టననే అంటాను గానీ,
పది దాకా పెడతాను.