అడుగుల లెక్క

హాల్లో దీపాలార్పే ముందు ఒకమ్మాయి మాట్లాడింది.
ఎవరిస్తో సాల్దివార్ చివరి తొమ్మిది సినిమాల్లో
కెమెరా కదలదనీ, అదొక మౌన తత్వమనీ,
రాయిలా నిలబడ్డ మనిషి చుట్టూ కాలమే నడుస్తుందనీ.
బాగా చెప్పింది. చప్పట్లు కొట్టాను.
గ్వాదలహారాలో, ఏడో వరసలో, నన్నెవరు గుర్తుపడతారు?

నేను టేపు పట్టినవాణ్ణి.
ఒక కొస లెన్సు పక్కన మేకుకి,
రెండో కొస ఆయన కంటి దగ్గరికి.
మా దేశం మీటర్లలో కొలుస్తుంది.
కెమెరా అమెరికా వాళ్ళది, దానికి అడుగులే తెలుసు.
పదకొండడుగుల నాలుగంగుళాలు: కోపం.
ఏడు: అబద్ధం.
మూడున్నర: తల్లి పోయిన కబురు.
ముప్ఫై ఒక్క సినిమాలు
ఆ మొహాన్ని నేను అంకెల్లోనే చదివాను.

తొలి రోజుల్లో దోన్ ఫిదెన్సియో లెన్సు ముందు
ఎర్ర గాజు బిగించేవాడు.
జకతేకాస్ ఆకాశం నల్లబడేది, మబ్బులు
ఏకిన పత్తిలా పైకి తేలేవి.
ఆ గాజు వెనక పెదాలు పాలిపోతాయి,
అందుకని ఎవరిస్తోకి గోధుమరంగు పూసేవారు.
మధ్యాహ్నం ఆ పెదాలతోనే చిక్కుడుగింజలు నములుతూ
"నా చావు రంగు ఇదేనేమో చూడు నికానోర్" అనేవాడు.
తెర మీద, కిత్తనార మొనల మధ్య,
మనిషి కాదు, కొండ.
నిజానికి పొట్టివాడు. నా భుజం దాకా వచ్చేవాడు.
గుంట తవ్వి కెమెరాని అందులో దింపేవాళ్ళం.
ఆ గుంటలన్నీ నేనే తవ్వాను.

తర్వాత రంగులొచ్చాయి. ఎర్ర గాజు పెట్టెలోకి పోయింది.
ఏం చేసుకుంటాం అంత నీలాన్ని?

ఒక ఉదయం టేపు కొస కంటి దగ్గర పెట్టాను.
రెప్ప కొట్టలేదు.
ఇంకాస్త దగ్గరికి. ఇత్తడి కొస, ఎండలో మెరుస్తోంది.
ఆయన నా వేపు కాదు, నా గొంతు వేపు చూస్తున్నాడు.
"ఎప్పట్నించి?"
"గుర్రం సినిమా నించి. ఎవరికీ చెప్పకు."
దోన్ ఫిదెన్సియోకి ఒక్కడికి చెప్పాను.
ఆయన సిగరెట్ నలిపి, పట్టాలు పీకించి,
ట్రాలీని గోదాముకి పంపేశాడు.
"ఇకమీదట కెమెరా కదలదు" అన్నాడు
కొత్త సిద్ధాంతం కనిపెట్టినవాడిలా.
సుద్దగీతకి బదులు నేల మీద
బూటు మొనకి తగిలేలా ఒక బద్దె కొట్టాను.
ముందురాత్రి నడిపించి నేర్పేవాణ్ణి:
కిటికీకి ఆరు. కుర్చీకి నాలుగు, కొంచెం ఎడమకి.
దీపం ఎటుందో చెంపకి తగిలే వేడే చెప్పేది.
పెదాల్లోపల అడుగులు లెక్కపెట్టుకుంటే
పత్రికలు ప్రార్థన అని రాశాయి.

ఇప్పుడు తెర మీద అదే వస్తోంది, ఆఖరి షాటు.
ఆరు అయిపోయాయి. బద్దె తగిలింది.
దాటాడు.
ఎవర్నీ అడక్కుండా వేసిన అడుగు అది.
నా వేళ్ళు ఉంగరం తిప్పాయి, ఐదు, నాలుగు, మూడు,
లెన్సు మీద అంకెలు అక్కడితో సరి.
ఆయన ఆగలేదు.
మొహం కరిగి, తెల్లటి మరకై, తెరంతా పాకింది.
పెదాలు కదిలాయి. ఆ చోట వయొలిన్ పెట్టారు.
అమ్మాయి దాన్ని వీడ్కోలు అంది.

"నికానోర్, టేపు ఏదిరా?" అన్నాడాయన.

చీకట్లో, కోటు జేబులో,
నా వేళ్ళు లేని ఉంగరాన్ని
ఇంకా తిప్పుతున్నాయి.