హజేరీ

సిరొంచ తాలూకాలో, ప్రాణహిత ఒడ్డున
రెండు గదుల జిల్లా పరిషత్ బడి నాది.
గోడ మీది పాఠం మరాఠీ,
గోడ బయట లోకం తెలుగు.
నడుమ నేను, గురుజీని,
ఈ చెవి మాట ఆ చెవిలో పోసేవాణ్ణి.

మా బడికి డబ్బు తలలు లెక్కపెట్టుకుని వస్తుంది.
ముప్పై దాటితే ఒక లెక్క,
దాటకపోతే అందులో సగం.
దాంట్లోంచే సుద్దముక్కలు, బోరింగు వాషరు,
ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకి గొళ్ళెం.
రెండేళ్ళుగా ఆ తలుపుని
ఒక పిల్ల లోపలుంటే ఇంకో పిల్ల బయట పట్టుకుంటోంది.
నిరుడు గాలికి లేచిపోయిన రేకు
నా జీతంలోంచి వేయించాను.
ఆ బిల్లు ఇంకా నా సంచిలోనే నలుగుతోంది.

మాఘం సగం పడగానే
అవతలి ఒడ్డు ఎర్రబడుతుంది.
మిరప చేలకు ట్రాలీ ఎక్కుతారు
తల్లులు, తట్టలు, సత్తు గిన్నెలు, పిల్లలు.
ముప్పై నలుగురిలో పదకొండుమంది
ఒక్క తెల్లవారుజామున వంతెన దాటిపోయారు.

ఆ రోజు పట్టీ తెరిచి
చాలాసేపు కలం మూత తీయలేదు.
తర్వాత తీశాను.
జాడి కౌసల్య, హాజరు.
మర్నాడూ హాజరు.
గీసే చేయి రోజుకింత అలవాటు పడింది.
అబద్ధమే.
గొళ్ళెం మాత్రం నిజం, అనుకున్నాను.

మార్చి ఇరవై తొమ్మిదిన డబ్బు పడింది.
ముప్పై ఒకటికల్లా ఖర్చు చూపమన్నారు.
ఏడాది దాహాన్ని రెండు రోజుల్లో తాగాం.
వాషరు వచ్చింది. గొళ్ళెం వచ్చింది.
మిగిలిన రంగుతో గోడ మీద నదిని గీయించాను,
వంతెన గీయించలేదు.

ఏప్రిల్లో వచ్చింది కౌసల్య.
వేళ్ళింకా మండుతున్నాయేమో
కన్ను మోచేత్తో తుడుచుకుంటోంది.
కొత్త గొళ్ళెం రెండుసార్లు వేసి, తీసి చూసింది.
తర్వాత నా బల్ల దగ్గరికొచ్చి
పట్టీలో తన పేరు పక్కన
పిట్టకాళ్ళలాంటి గుర్తుల్ని
పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది.

"గురుజీ, నేను గిన్ని దినాలు బడిలనే ఉన్ననా?"

నేను బోరింగు వైపు చూశాను.

"ఉంటే మరి," కొంచెం ఆగింది,
"గా దినాలల్ల మీరు చెప్పింది
నాకు ఒక్కటి సుత యాదికి లేదు.
మళ్ల చెప్తరా?"

బడి వదిలాక భాగహారాలతో మొదలుపెట్టాం.
వేళ్ళు మండుతాయని
సుద్దముక్క నేనే పట్టుకున్నాను.
లెక్క తను చెప్పింది.